పాము చావరాదు, కఱ్ఱ విఱుగరాదు

పాము చావకుండ, కఱ్ఱ విఱుగకుండ పని చక్కబెట్టుకొను వానిని లోకము కొంచెము చులకనగా చూచును. ఎటును తేల్చని మనిషి యని దాని భావము. కాని ఈ సామెతను అక్షరాల ఒక నియమముగా పట్టినవారు కొందఱున్నారు. వారు ఒక చేత దీపము, ఒక చేత కఱ్ఱ పట్టుకొని రాత్రివేళ పాములను వెదకికొనుచు పోవుదురు. కనబడిన పామును చంపరు, పట్టరు, ఇంటికి తేరు. నిలిచి చూతురు, చూచినది వ్రాసికొందురు, దాని దారిన దానిని పోనిత్తురు. పాములే కాదు, బల్లులు, తొండలు, తాబేళ్ళు, కప్పలు, మనము చూడగానే కాలు వెనుకకు తీసికొను ప్రాణులన్నియు వారికి చూడదగినవే. మేమును కొన్ని ఏండ్లుగా ఈ వ్యాపకములో పడినవారమే. ఆ ముచ్చటలు కొన్ని, అందులో మేము చేసిన తప్పు ఒకటి, శ్రోతలకు విన్నవింపవలెనని నేటి ప్రయత్నము.

పశ్చిమ దేశములలో ఈ వ్యాపకమును ‘హెర్పింగ్’ అందురు. ప్రాకునది యను అర్థముగల గ్రీకు మాట దానికి మూలము. మన ‘సర్పము’ కూడ ప్రాకుట యను అర్థముగల సంస్కృత ధాతువునుండియే పుట్టినది. ఈ రెండు మాటలును ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కనుక పేరు పరదేశమునుండి వచ్చినను చుట్టరికము లేనిది కాదు. పక్షులను చూచుటకు పోవుచున్నామని చెప్పినచో వినువారు మెచ్చుకొందురు. కప్పలను చూచుటకు పోవుచున్నామని చెప్పినచో ఇంటివారే నవ్వుదురు. ఆ నవ్వునకు అలవాటుపడుట ఈ విద్యలో మొదటి పాఠము.

మేము తిరుగునది అన్నవరము పరిసరములలో. అన్నవర మనగానే రత్నగిరి, సత్యనారాయణస్వామి వ్రతము, విస్తరాకులో పొట్లము కట్టియిచ్చు గోధుమనూక ప్రసాదము గుర్తునకు వచ్చును. కొండపై 1891లో స్వామి ప్రతిష్ఠ జరిగినదాదిగా యాత్రికులు తల యెత్తి శిఖరమువైపు చూచుచునే వచ్చుచున్నారు. తల వంచి కొండ మొదలు చూచువారు తక్కువ. అక్కడ పంపానది యున్నది, దాని జలాశయమున్నది, రాళ్ళసందులు, పొదలు, తేమ, నీడ యున్నవి. వాయవ్యమునకు పోయినకొలది రంపచోడవరము మన్యపు అడవులు మొదలగును. తూర్పున కొలది దూరములో సముద్రము. దక్షిణమునకు గంట, గంటన్నర ప్రయాణము చేసినచో, 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మహిమచే పచ్చబడిన కాలువల సీమ. మన్యము, మెట్ట, పల్లము ఈ మూడింటికి అన్నవరము గుమ్మము వంటిది. నేల మాఱినకొలది నేలబారు ప్రాణులును మాఱును. అందుచే మా వంటివారికి ఇదియు ఒక క్షేత్రమే.

ఈ వ్యాపకము కంటితో మొదలగు నని అందఱు అనుకొందురు. నిజమునకు చెవితో మొదలగును. రేడియో వినువారికి ఈ మాట వేఱుగా చెప్ప నక్కఱలేదు. మృగశిర కార్తెలో తొలి పెద్దవాన కురిసిన రాత్రి దీపమార్పి పొలముగట్టున పది నిమిషములు ఊరక నిలిచినచో చాలును. మొదట అంతయు ఒకే రొదగా వినబడును. పిదప అందులో వేఱువేఱు గొంతులు విడివడును. ఎద్దు ఱంకె వలె లోతుగా పలుకునది గోదురు కప్ప. కొయ్యపై సుత్తితో మెల్లగా కొట్టినట్లు టకటకమని పలుకునది చెట్టుకప్ప. కీచుఱాయి కాబోలునని మోసపోవునట్లు గఱగఱలాడునది బొటనవ్రేలి గోరంత చిన్నకప్ప. అంత దేహమునుండి అంత ధ్వని యెట్లు వచ్చినదో నమ్మశక్యము కాదు. మూడు నాలుగు వానలు విన్నవాడు దీపము లేకయే ఆ రాత్రి ఎవరెవరు వచ్చిరో హాజరు వేయగలడు.

తరువాత దీపము వెలిగింపవలెను. గోదురు కప్పలలో మగవి ఆ కొలది దినములు ఒంటినిండ పసుపు పూసికొన్నట్లు మెఱయును. గొంతుకు రెండు ప్రక్కల నీలిరంగు తిత్తులు ఉబ్బును. వేసవియంతయు బురదరంగున పడియుండిన కప్పయేనా యిది యని ఆశ్చర్యము కలుగును. పెండ్లిసంబరము తీరగానే ఆ పసుపు మాయమగును. ఇసుకనేలలలో నుండు మఱియొక కప్పకు వెనుకకాలి మడమవద్ద చిన్నపాఱ వంటి కణుపు కలదు. దానితో నేలను త్రవ్వుకొనుచు వెనుకవెనుకకు దిగిపోవును. చూచుచుండగనే కండ్లు రెండు మాత్రము పైకి మిగులును. పిమ్మట అవియు ఉండవు. చెట్టుకప్ప తన గ్రుడ్లను నీటిలో పెట్టదు. నీటిపైకి వంగిన ఆకుపైననో, తొట్టి గోడపైననో తెల్లని నురుగుముద్ద కట్టి అందులో పెట్టును. తోకకప్పపిల్లలు ఆ నురుగునుండి జారి క్రింది నీటిలో పడును.

వాన రానప్పుడు కప్పను రోకటికి కట్టి, ఇంటింట నీళ్ళు పోయించుచు కప్పతల్లి నాడించు ఆచారము మన పల్లెలలో నున్నది. కప్పకును వానకును గల పొత్తును మనవా రెంతకాలము క్రిందనే కనిపెట్టిరో దీనినిబట్టి తెలియును. అట్టి కప్పను ఒకప్పుడు మన దేశము కాళ్ళకొఱకు పడవలకెక్కించి పంపినది. యూరపు అమెరికాల భోజనశాలలకు మన పొలములనుండి కప్పకాళ్ళు ఎగుమతి యగుచుండెను. పురుగును తిను ప్రాణిని పొలమునుండి ఏఱివేసి, ఆ పురుగునకు మందు కొనవలసి వచ్చుట ఏ లెక్కకు లాభమని ప్రశ్న పుట్టినది. 1987లో భారతప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. ఈనాడు మనము వినుచున్న వానకాలపు కచేరిలో ఆ నిర్ణయమునకును పాలు కలదు.

కప్పల తరువాత బల్లుల కుటుంబము. పగటివేళ కంచెపై తల యెగురవేయు తొండ, కప్పినయాకులలో జరజర ప్రాకు నలికిరి, గట్టున నాలుక చాపుచు నడచు ఉడుము అందఱెఱిగినవే. నలికిరిని చూచి విషజంతువని హడలిపోవువారు పెక్కురు. దానికి విషము లేదు. ఊసరవెల్లిని పగలు వెదకుట వృథాప్రయాస. ఆకులలో ఆకై పోవును. రాత్రి కొమ్మచివరను పట్టుకొని నిద్రించునప్పుడు దాని ఒళ్ళు పాలిపోయి తెల్లగానుండును. దీపము పడినంతనే చీకటిలో కాగితపు తునకవలె కనబడును. పగలు దాగుటలో ఆరితేఱినది రాత్రి తన్ను తానే పట్టి యిచ్చుకొనును.

ఈ సందర్భమున ఒక చరిత్ర చెప్పవలసియున్నది. మద్రాసు రాజధాని అటవీశాఖలో కర్నల్ రిచర్డు హెన్రీ బెడ్డోం అను అధికారి యుండెను. అతడు తిరుపతి కొండలలో పసిడివన్నెగల ఒక బల్లిని కనుగొని 1870లో లోకమునకు తెలిపెను. తరువాత నూఱేండ్లకు పైగా దాని జాడ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. 1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు తూర్పు కనుమలలో దానిని మఱల కనుగొనిరి. నీరూరు రాతిసందులలో అది కాపురముండును. పెక్కు బల్లులు కలసి ఒకే రాతికి గ్రుడ్లు అతికించును. బెడ్డోమే జయపురపు కొండలనుండి 1870లలో వర్ణించిన మఱియొక నేలబల్లి నూటముప్పది యేండ్లకు పైగా కనబడక, ఇటీవల 2012లో మఱల దొరకినట్లు ప్రకటితమైనది. 2013లో ఒడిశాలోని తూర్పు కనుమలనుండి, కాళ్ళు లేక వానపామువలె మట్టిలో నుండు ఉభయచరము ఒకటి క్రొత్తగా పేరు పొందినది. అది కప్పలకు దూరపుచుట్టము. కనుక చూడవలసినదంతయు పెద్దలు చూచి ముగించిరని ఎవ్వరును అనుకొనరాదు. దీపమెత్తి చూచువాడు లేక మిగిలిపోయినది ఇంకను కలదు.

ఇక పాములు. వీని కథ చెప్పవలెనన్న అన్నవరమునుండి సుమారు నూటపాతిక కిలోమీటర్ల దూరమున నున్న విశాఖపట్టణమునకు ఒకసారి పోయి రావలెను. పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు, అక్కడ అధికారియైన తన తమ్మునితో కలసి 1781లో ఇండియాకు వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు అతనిని ఈ తీరమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. సిపాయీలును రైతులును పాముకాటునకు బలియగుట చూచి, విషముగల పామేదో లేనిదేదో సామాన్యునికి తెలియజెప్పు ఉపాయము కనుగొనవలెనని అతడు పూనుకొనెను. పాములను తెప్పించెను, బొమ్మలు వ్రాయించెను, కోళ్ళపైనను కుక్కలపైనను కాటు పరీక్షలు చేసెను. 1789లో స్వదేశమునకు పోయెను. 1796లో అతని గ్రంథము మొదటి సంపుటము లండనులో వెలువడెను.

ఆ గ్రంథములో మనవారికి గర్వకారణమైన విషయ మొకటి యున్నది. పాముల బొమ్మలకు అతడు వ్రాసిన పేర్లలో చాలవఱకు తెలుగుపేర్లు. ఇక్కడి జనులు చెప్పిన పేర్లను తనకు వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. కొండచిలువ ‘పెద్దపొడ’ అయినది. జెఱ్ఱిపోతు జెఱ్ఱిపోతుగనే యున్నది. ఆకుపచ్చని తీగెవంటిది పసరికపాము. పసుపు నలుపు కట్లుగల పాము ‘బంగారు పాము’. 1803లో దోదాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల కుటుంబమునకు ఈ బంగారు పదమునుండియే ‘బుంగారస్’ అని పేరు పెట్టెను. ఈనాడు ప్రపంచములో ఏ దేశపు కట్లపామునకైనను శాస్త్రములో ఇంటిపేరు మన తెలుగుమాటయే.

మన పెరటి పూలకుండీలలో వానపామని భ్రమింపజేయు చిన్న గుడ్డిపాము కలదు. రసెల్ దానిని విశాఖపట్టణములో చూచి ‘రెండు తలల పాము’ అని వ్రాసికొనెను. ఆ బొమ్మ ఆధారముగనే దోదాఁ దానికి శాస్త్రనామము పెట్టెను. ఈ జాతిలో మగవి లేవు, అన్నియు ఆడువే, జోడు లేకయే పిల్లలగును. అందుచే ఒక్క పాము మట్టికుండీలో పడి ఓడ దాటినను చాలును, అక్కడ వంశము నిలుచును. నేడు భూమిమీద అన్నిటికంటె ఎక్కువ దేశములకు వ్యాపించిన పాము ఇదియే. దాని పుట్టినయూరుగా శాస్త్రగ్రంథములలో నమోదైనది విశాఖపట్టణము.

ఆ పేర్లలో మాకు మిక్కిలి ప్రియమైనది వేఱొకటి. మనము రక్తపింజర యనుచున్న ఘోరసర్పమునకు రసెల్ విన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. పొడ యనగా మచ్చ. గోధుమవన్నె ఒంటిపై నల్లని అంచుగల మచ్చలు వరుసగా తీర్చియుండును. ఎవరో పేరు తెలియని పల్లెటూరివాడు దగ్గఱగా, నిదానముగా, పగలేకుండ దానిని చూచెను. చూచినవానికి కాటుక దిద్దిన రేకులు తోచెను. ఇంగ్లీషువారు ఆ పామునకు రసెల్ పేరే పెట్టిరి. మనము మాత్రము మన పేరును మఱచితిమి. పేరు మఱచినప్పుడే చూపును మఱచితిమని మా యనుమానము. ఇప్పుడు మన యిండ్లలో పాము కనబడినచో వినబడు మాట ఒక్కటే: ‘పాము!’ ఏ పాము అని అడుగువాడు లేడు.

అడుగకపోవుటవలన ఎన్ని చిక్కులో చూడుడు. జెఱ్ఱిపోతు నాగుపామునకు మగదని పల్లెలలో గట్టినమ్మకము. పేరులోని ‘పోతు’ దానికి తోడుపడినదేమో. అది వేఱుజాతి. దానికి విషము లేదు. వరికుప్పలలోని ఎలుకలను తిని రైతుకు కూలిలేని కావలి కాయును. రెండు పాములు పెనవేసికొని నిటారుగా లేచుట చూచి సయ్యాట యని చెప్పుకొందుము. జెఱ్ఱిపోతులలో అది రెండు మగపాముల బలపరీక్ష. పసరికపాము కండ్లు పొడుచునని భయము. మనుష్యునికి దానివలన ప్రాణభయము లేదు. పంపానది అంచున నీరుకట్టె చేపకొఱకు కాచుకొనును. బెదరించినచో కఱచును గాని విషము లేదు. నిజముగ మన ప్రాంతమున ప్రాణములు తీయుటలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. గిరినాగు మన్యపు అడవులలో నున్నది గాని మనిషికంట బడుట అరుదు. ఆకులు ప్రోగుచేసి గూడుకట్టి గ్రుడ్లు పెట్టు పాము లోకమున అదియొక్కటే.

ఇంతవఱకు చెప్పినదంతయు మేము తెలిసినవారమన్న ధోరణిలో చెప్పితిమి. ఇక మా తప్పు చెప్పవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కళాశాల విద్యార్థి మాతో తిరుగుటకు వచ్చుచుండెను. చుఱుకైనవాడు, చెప్పినది మఱచువాడు కాడు. ఇండ్లలో బల్లులను తినుచు తిరుగు ఒక చిన్నపామును గూర్చి మేము వానికి చెప్పియుంటిమి. దానిపైనను కట్లుండును; చూచినవారు కట్లపామని కొట్టి చంపుదురు; పాపము, దానికి విషము లేదు అని. భేదమును కూడ చెప్పితిమి. కట్లపామునకు తెల్లనికట్లు సన్నగా, తోకవైపు స్పష్టముగా నుండి తలవైపు మాసిపోవును. నడివెన్నున పెద్దపొలుసుల వరుస యొకటి యుండును. ఇంటిపామునకు కట్లు మెడవద్దనే వెడల్పుగా మొదలై తోకవైపు మాసిపోవును. చెప్పుట బాగుగనే చెప్పితిమి. చెప్పుటలో మాకు కొంత గర్వమును ఉండెను.

భాద్రపదమాసమున ఒక రాత్రి కాలువగట్టు వెంబడి నడచుచున్నాము. వాన వెలిసినది. దారికి అడ్డముగా ఒక నల్లని పాము తెల్లనికట్లతో పడుకొనియున్నది. అతడు మాకంటె నాలుగడుగులు ముందున్నాడు. ‘మీరు చెప్పిన ఇంటిపామే కదండీ మాస్టారూ!’ అని వంగెను. ‘ఆగవయ్యా, దీపం పడనీ’ అని మేము అనునంతలో దాని నడుము పట్టి యెత్తెను, ఫొటో తీయించుకొనుటకు. పాము తల త్రిప్పెను. అతడు విడిచిపెట్టెను. అది గట్టు దిగి నీటిలోనికి జాఱిపోయెను. వ్రేలిపై గుర్తు వెదకినను సరిగా కనబడలేదు. ‘చీమ కుట్టినంత కూడా లేదండీ’ అని నవ్వెను. మేము చూచినది ఏ పామో మాకు నిశ్చయము లేదు. నిశ్చయము లేనప్పుడు చేయవలసిన పని ఒక్కటే. అది మేము వెంటనే చేయలేదు. కొంతసేపు చూతమని గట్టుమీదనే కూర్చుంటిమి. ముప్పావుగంట గడచినది. అతనికి కడుపులో నొప్పి మొదలైనది. తరువాత ఱెప్పలు వాలినవి. మాట ముద్దగా వచ్చుచుండెను.

108 వాహనము వచ్చినది. ఆసుపత్రిలో విషపు విఱుగుడు మందెక్కించిరి. ఊపిరి యంత్రమునకు కలిపిరి. అయిదవనాడు ఆ బిడ్డ కండ్లు తెఱచెను. బ్రతికినాడు, మంచి ఉద్యోగములో నున్నాడు. అది మా పుణ్యము కాదు, వైద్యుల పుణ్యము. ఆ అయిదు దినములలో అతని తల్లి మమ్ము నిందింపలేదు. ఒక్కమాట మాత్రము అడిగినది. ‘చూడడానికి వెళ్ళారన్నారు గదండీ, మరి పట్టుకోవడం ఎందుకండీ?’ ఆ ప్రశ్నకు సమాధానము నాడును మావద్ద లేదు, నేడును లేదు.

వేదాంతులు తాటిని చూచి పామనుకొను భ్రాంతిని గూర్చి చెప్పుదురు. దీపము తెచ్చినచో ఆ భ్రాంతి తొలగును. పామును చూచి తాడనుకొనుట అంతకంటె చెడ్డభ్రాంతి. సగము తెలివినుండి పుట్టునది కనుక దానికి దీపమొక్కటియే చాలదు, వినయము కూడ కావలెను. ఏమియు తెలియనివాడు పామునుండి దూరముగా పాఱిపోవును. కొంచెము తెలిసినవాడు చేయి చాపును. పూర్తిగా తెలిసికొన గోరువాడు చేతులు వెనుకకు కట్టుకొని నిలుచును.

ఆనాటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. కన్ను పోని చోటికి చేయి పోరాదు, కాలు పోరాదు. చీలమండలు దాటిన తోలుజోడు లేక రాత్రి బయలుదేఱరాదు. ఒంటరిగా పోరాదు. ఎక్కడికి పోవుచున్నది ఇంటివద్ద చెప్పవలెను. దగ్గఱలో విఱుగుడు మందుగల ఆసుపత్రి ఏదో ముందుగనే తెలిసికొనవలెను. రాయి నెత్తి చూచినచో దానిని మెల్లగా ఎట్లుండినది అట్లే పెట్టవలెను. అది ఒకరి యిల్లు. తడిలేని చేతులతో, ఉప్పు నూనె అంటిన చేతులతో కప్పల నసలు ముట్టరాదు; అవి చర్మముతోను ఊపిరి తీయును. ఏ పామునైనను, విషము లేదని శాస్త్రము చెప్పినను, పట్టరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అట్లు పట్టుట ఒప్పుకొనదు. చూచిన తేది, వేళ, వాన, చోటు పుస్తకమున వ్రాయవలెను. నక్షత్ర తాబేలు, రెండు తలల పామని పేరున్న మఱియొక లావుపాటి ఇసుకపాము కనబడినచో మాత్రము చోటు నలుగురికి చాటరాదు. అదృష్టమునకో, గుప్తనిధులకో వానిని అమ్మువారును కొనువారును ఉన్నారు.

ఈ వ్యాపకమునకు రాని శ్రోతలకు కూడ అక్కఱకు వచ్చు మాట ఒకటి. మన దేశములో 2000 నుండి 2019 వఱకు పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని ఒక గొప్ప పరిశీలన 2020లో లెక్కతేల్చినది. ఏడాదికి 58 వేలు. వారిలో చాలమంది పల్లెవారు, పొలములలో పనిచేయువారు. కట్లపాము తఱచు రాత్రివేళ, నేలపై పండుకొన్నవారిని కఱచును. నొప్పి యుండదు, గుర్తు కనబడదు. తెల్లవాఱుజామున కడుపునొప్పి, ఱెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట, ఇవే దాని చిహ్నములు. మంచముపై దోమతెఱ కట్టుకొని పండుకొనుట దానికి చక్కని రక్ష. కోతలకాలమున గడ్డి ఎత్తునప్పుడు పింజరను గూర్చి జాగ్రత్త వలయును. కాటు పడినచో గంటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగింపరాదు, మంత్రగానివద్ద నిమిషము పోగొట్టరాదు. కఱచిన అంగమును కదల్పక ఆసుపత్రికి చేర్పవలెను. పామును పట్టి చూపవలసిన పని లేదు. మన దేశపు విఱుగుడు మందు ఆ నాలుగు పాముల విషమునకును కలిపి తయారైనది. కొంతసేపు చూతమని మావలె ఎవ్వరును కూర్చుండరాదు.

కార్తికమాసమున నాగులచవితినాడు మనవారు పుట్టవద్దకు పోయి పాలు పోయుదురు. కన్నులకు కాపుదల కోరుదురు. మఱునాడు పెరటిలో పాము కనబడినచో కఱ్ఱకొఱకు పరుగెత్తుదురు. ఈ రెండింటి నడుమ మూడవదారి యొకటి యున్నది. పూజయు కాదు, హత్యయు కాదు, చూపు. దూరమున నిలిచి, దీపము వేసి, ‘ఇది ఏ పాము?’ అని అడుగుట. ఇంట జొరబడినచో తలుపు మూసి అటవీశాఖవారికో, తర్ఫీదు పొందినవారికో కబురు చేయుట. దారిలో కనబడినచో బండి ఆపి దాటనిచ్చుట. వాన వెలిసిన రాత్రి వెచ్చని తారురోడ్డుపైకి పాములును కప్పలును వచ్చును. తెల్లవాఱి మేము లెక్కించిన వానిలో కఱ్ఱకు చచ్చినవానికంటె చక్రముల క్రింద చచ్చినవే ఎక్కువ.

మొన్న తొలకరికి పంపా ఒడ్డున నిలిచితిమి. కొండపై దీపములు వెలుగుచున్నవి. క్రింద కప్పల కచేరి సాగుచున్నది. మా వెంట ఆనాటి విద్యార్థియు, ఎనిమిదేండ్ల అతని మేనల్లుడును ఉండిరి. ఒడ్డున రాతిప్రక్క ఒక పాము కదలినది. పిల్లవాడు అడుగు ముందుకు వేయబోయి ఆగి, మామ ముఖమువైపు చూచెను. మామ దీపము పట్టి నిలిచెను. ‘ఏ పాము మావయ్యా?’ అని పిల్లవాడు అడిగెను. అతడు వెంటనే చెప్పలేదు. చాలసేపు చూచి, ‘నీరుకట్టె అనుకుంటాను. అయినా ఇక్కడనించే చూద్దాం’ అనెను.

పాము నీటిలోనికి దిగిపోయెను. కఱ్ఱ మా చేతిలోనే యున్నది.